చూపు తక్కువ, బీకాం పాస్: హన్మకొండలో ఉద్యోగమా, బ్యాంకు కోచింగా, ఇంటి ముందు జిరాక్స్ షాపా?

నర్సంపేట_బీకాం
ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. పెద్ద పోస్ట్, కొంచెం ఓపిక పట్టండి.

నా వయసు 24. హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ చేశాను. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్పీ) అనే కంటి జబ్బు. పగటిపూట ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. చీకటి పడిందంటే అంతే. బస్సు బోర్డు చదవలేను. "ఇది ఏ బస్సన్నా" అని ఎవరినైనా అడిగితే "అద్దాలు పెట్టుకున్నవు కదమ్మా, బోర్డు కనిపిస్తలేదా" అంటారు. వైకల్యం సర్టిఫికెట్‌లో 40 శాతం రాశారు.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. సుబేదారి వైపు ఒక ఆఫీసులో టెలీకాలింగ్ ఉద్యోగం వచ్చింది. నెలకు 13 వేలు, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా. లేదంటే ఏడాది పాటు బ్యాంకు కోచింగ్. మూడోది నాన్న మాట: ఇంటి ముందు రేకులు వేసి జిరాక్స్ షాపు పెట్టిస్తా అంటున్నాడు. అమ్మకైతే ఈ మూడూ అక్కర్లేదు. "4,016 పింఛన్ వస్తోంది కదా, ఎందుకీ తిరుగుడు" అంటుంది.

చుట్టాలందరూ "నువ్వేం చేయగలవు" అనే అడుగుతారు. నీకేం ఇష్టం అని అడిగింది మా తమ్ముడొక్కడే. నాకు లెక్కలు ఇష్టం. ట్యాలీ వచ్చు. పద్దు కుదరకపోతే ఎక్కడ తప్పు పోయిందో వెతికి పట్టుకోవడంలో నాకు మజా ఉంటుంది. ఆ మాట ఇంట్లో అంటే నవ్వుతారు.

మీలో ఎవరెవరు ఏ పని ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు? అది తెలుసుకోవాలని ఉంది.


కాజీపేట_పెద్దన్న
ఆదివారం, రాత్రి 9:25

బిడ్డా, బాగా అడిగినవ్.

నాకు 54. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. ఎడమ కాలికి క్యాలిపర్, నడవడానికి కట్టుకునే ఆసరా. ఇప్పుడు రైల్వేలో క్లర్కును, కానీ అంతకుముందు ఏడేళ్లు ఎస్టీడీ బూత్ నడిపిన. ఇప్పటి పిల్లలకు ఆ బూత్ అంటేనే తెలియదు. 90ల్లో మా లాంటోళ్లకు ఆ బూత్‌లు ముందు వరసలో ఇచ్చేవాళ్లు. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్రంకెల మీటరు. రాత్రి పొద్దుపోయినాక చార్జీ తగ్గుతుందని లైను కట్టేవాళ్లు. అప్పట్లో ఊళ్లో అందరూ అన్నది ఒకటే మాట: "కూసొని చేసే పని, నీకు సరిగ్గా సరిపోయింది." సెల్‌ఫోన్ వచ్చింది. రెండేళ్లలో బూత్ మూతపడ్డది. నా కాలు అట్లనే ఉన్నది, సరిపోయిన పని మాత్రం పోయింది.

అందుకే మీ నాన్న జిరాక్స్ షాపు అనంగనే నాకు గుండె జల్లుమన్నది. షాపు చెడ్డదని కాదు. ఇష్టపడి పెట్టుకుంటే మంచిదే. కానీ "కూసొని చేసేది" అన్న ఒక్క కారణంతో పెట్టకు.

నేను సర్కారు ఉద్యోగం కోరుకున్నది జీతం కోసం అనుకుంటారు. అసలు సంగతేందంటే, అంతకుముందు ఒక ప్రైవేటు గోదాములో లెక్కలు రాసేటోణ్ణి. ఆఫీసు రెండో అంతస్తు. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుడు. ఒకనాడు జారి పడితే ఓనరు వచ్చి "రేపట్నించి రాకు, నాకెందుకు ఈ టెన్షన్" అన్నడు. సర్కారు కొలువులో అట్ల అనలేరు. నాకు కావాల్సింది ఆ ఒక్కటే.


సాంఘికశాస్త్రం_సార్
ఆదివారం, రాత్రి 10:10

పెద్దన్న ఎస్టీడీ బూత్ గుర్తు చేశాడు. మా చూపులేనివాళ్లకు ఆ రోజుల్లో లిస్టు ఇంకా చిన్నది: టెలిఫోన్ ఆపరేటర్, కుర్చీలకు కేన్ అల్లడం, కొవ్వొత్తులు, సంగీతం. నాకు పాట రాదు. గొంతెత్తితే మా ఆవిడ తలుపేసుకుంటుంది.

నేను పుట్టుకతోనే పూర్తిగా చూపులేనివాణ్ణి. 2012 డీఎస్సీలో స్క్రైబ్ (నేను చెప్తే రాసే మనిషి) సాయంతో రాసి టీచరునయ్యాను. ములుగు జిల్లాలో సోషల్ చెప్తాను. బోర్డు మీద రాయడానికి రోజుకో పిల్లాడు లీడరు. ఆ వంతు కోసం కొట్టుకుంటారు. పాఠ్యపుస్తకం స్కాన్ చేసి ఫోన్‌తో చదివించుకుంటాను. తెలుగు గొంతు రోబో లాగే ఉంటుంది, పదేళ్లుగా వింటున్నాను కాబట్టి ఇప్పుడది మా ఇంటి మనిషి. ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చాక రోజూ పొద్దున ఒక పిల్లాడు "సార్ కొంచెం పైకి, సార్ కొంచెం ఎడమకి" అంటూ నన్ను ఫొటోలో ఇరికిస్తాడు.

నన్ను బాధపెట్టేవి పాఠాలు కావు, సర్క్యులర్లు. కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది బొమ్మ. పాత అను ఫాంట్లలో టైప్ చేసిందైతే వినడానికి మంత్రాల్లా ఉంటుంది.

అమ్మాయీ, నీకో మాట చెప్పాలి. నొచ్చుకోకు. ఆర్పీలో చూపు తగ్గుతూ పోతుంది. ఎంత, ఎప్పుడు అన్నది మనిషిని బట్టి. కాబట్టి ఉద్యోగం ఏదైనా సరే, చూపు ఉండగానే స్క్రీన్ రీడర్ నేర్చుకో. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఎక్సెల్‌లో చక్కగా పనిచేస్తుంది. రోజూ ఒక గంట మానిటర్ ఆపేసి పని చెయ్యి. ఇప్పుడైతే అది ఆటలా ఉంటుంది. అవసరం వచ్చాక మొదలుపెట్టినవాళ్లు ఏడవడం చూశాను.

ఇంకోటి. తెల్ల కర్ర కొనుక్కో.


నర్సంపేట_బీకాం
ఆదివారం, రాత్రి 10:32

సార్, స్క్రీన్ రీడర్ సరే. కర్ర మాత్రం... నాకు ఎదురుగా కనిపిస్తుంది కదా. ఊళ్లో కర్ర పట్టుకుని నడిస్తే అమ్మ తట్టుకోలేదు.


సాంఘికశాస్త్రం_సార్
ఆదివారం, రాత్రి 10:41

మీ అమ్మ సంగతి తర్వాత. కర్ర చేతిలో ఉంటే "అద్దాలున్నాయి కదా" అని ఎవడూ అనడు. సగం కర్ర నీకోసం, సగం ఎదుటివాడికోసం.


ముక్కుసూటి
సోమవారం, ఉదయం 7:15

ఉన్నమాట అంటే కోపం వస్తుంది కానీ, మీకు రిజర్వేషన్ ఉంది కదా. మాకు అదీ లేదు. మా వీధిలో ఒకడు చెవుడు సర్టిఫికెట్ తెచ్చుకుని కొలువు కొట్టాడు. వాడు సెల్‌ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడతాడు. ఇక్కడ ఇంత బాధ ఎందుకు పడుతున్నారో అర్థం కాదు.

ఉద్యోగం చేయాలన్న పట్టుదల ఉంటే దారి దొరుకుతుంది. మన కల్లెడ అమ్మాయి దీప్తి జివాంజి పారిస్‌లో పతకం తేలేదా?


సైగ_భాష
సోమవారం, ఉదయం 8:02

నేను చెవిటి. పుట్టినప్పటి నుంచి. నా మొదటి భాష సైగ. తెలుగు తర్వాత నేర్చుకున్నా. తప్పులు ఉంటే చూడకండి.

దొంగ సర్టిఫికెట్ ఉంది. నిజం. బెరా పరీక్ష సరిగ్గా చేస్తే అబద్ధం దొరుకుతుంది. ఆ పరీక్ష చెవిని అడగదు, మెదడును అడుగుతుంది. దొంగ చెవిటివాడు తీసుకున్నది నా ఉద్యోగం. నీ ఉద్యోగం కాదు. కోపం నాకు రావాలి.


సాంఘికశాస్త్రం_సార్
సోమవారం, ఉదయం 8:30

ముక్కుసూటి గారూ, దీప్తి మా అందరికీ గర్వమే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం. ఆమెది మేధోపరమైన వైకల్యం విభాగం, చూపుదో కాళ్లదో కాదు. అది పక్కన పెట్టండి. మీ ఇంట్లో పిల్లవాడు డిగ్రీ పాసై ఉద్యోగం వెతుక్కుంటుంటే "విరాట్ కోహ్లీని చూడు" అంటారా? అనరు. మాకు మాత్రం ఎప్పుడూ ఒక పతకమో, చూపులేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా గారో ఉదాహరణ. ఆయన కంపెనీ పెట్టాడు, సంతోషం. ఈ అమ్మాయి అడిగింది 13 వేల ఉద్యోగం గురించి.


రూల్‌బుక్
సోమవారం, మధ్యాహ్నం 1:20

రిజర్వేషన్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం మందికి సగమే తెలుసు.

1995 చట్టంలో 3 శాతం ఉండేది. 2016 చట్టం వచ్చాక 4 శాతం అయింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ 4 శాతంలో చూపు సమస్య ఉన్నవాళ్లకు 1, వినికిడి సమస్య ఉన్నవాళ్లకు 1, కాళ్లూ చేతులూ కదలికకు సంబంధించినవాళ్లకు 1, మిగతావాళ్లకు అంతా కలిపి 1. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఇదంతా ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటులో కోటా లేదు. అందువల్ల "మీకు రిజర్వేషన్ ఉంది కదా" అన్నది సుబేదారి ఆఫీసు మెట్ల దగ్గర ఏ పనికీ రాదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.68 కోట్లు. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 36 శాతమే. ఆడవాళ్లలో అయితే 23 శాతం.

ప్రైవేటులో కోటా లేకపోయినా బాధ్యత ఉంది. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి. వికలాంగులకు ఏ పోస్టులు, ఏ సదుపాయాలు ఉన్నాయో అందులో ఉండాలి. ఇంటర్వ్యూలో "మీ సమాన అవకాశాల పాలసీ చూపిస్తారా" అని మర్యాదగా అడుగు. చాలాచోట్ల బిక్కమొహం వేస్తారు. అడగడం మాత్రం నీ హక్కు.

నీ సర్టిఫికెట్ గురించి ఒక అనుమానం. 40 శాతం ఎలా వేశారు? అక్షరాల చార్టు చదివించి వేశారా, దృష్టి క్షేత్రం పరీక్ష కూడా చేశారా? ఆర్పీ ఉన్నవాళ్లకు చార్టులో అక్షరాలు బాగానే కనిపిస్తాయి. పోయేది పక్క చూపు. చట్టం ప్రకారం దృష్టి క్షేత్రం 40 డిగ్రీల కంటే తక్కువైతే అల్ప దృష్టి, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వం. పెరిమెట్రీ, అంటే ఆ దృష్టి క్షేత్రం పరీక్ష, చేయించుకుని ఆ రిపోర్టుతో మళ్లీ దరఖాస్తు పెట్టు.


నర్సంపేట_బీకాం
సోమవారం, మధ్యాహ్నం 2:05

చార్టు ఒక్కటే చదివించారు. మూడో వరస దాకా చదివాను, "బాగానే కనిపిస్తోంది కదా" అన్నారు. ఆ పరీక్ష ఉందనే నాకు తెలియదు.


కొత్తవాడ_కండె
సోమవారం, సాయంత్రం 6:45

నేను వరంగల్ కొత్తవాడ. మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాకు కుడి కాలు చిన్నది, పుట్టుకతోనే. గుంట మగ్గం కాళ్లతో తొక్కాలి కాబట్టి మగ్గం నాకు రాదని చిన్నప్పుడే తేల్చేశారు. కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పదకొండేళ్లు చుట్టాను. ఇంట్లో జంపఖానా అమ్ముడుపోతే "నాన్న నేసిండు" అంటారు. కండె చుట్టిన మనిషి ఎవరికీ గుర్తుండదు.

తర్వాత కుట్టు నేర్చుకున్నాను. తొక్కుడు మిషన్ కాదు, మోటరు పెట్టించుకున్నా. ఇంటి దగ్గరే జాకెట్లు కుడితే నెలకు ఏడెనిమిది వేలు మిగిలేవి. ఇప్పుడు బయట ఒక యూనిట్‌లో యూనిఫాంలు కుడుతున్నా, 9 వేలు. ఆటో ఖర్చు పోతే ఇంటి దగ్గరే నయం అనాలి. అయినా మానను. ఇంట్లో కూర్చొని సంపాదించినంత కాలం నన్ను పొయ్యి మీది పాలు చూడమని, చిన్నోణ్ణి ఎత్తుకోమని పిలిచేవాళ్లు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని గేటు దాటిన రోజు నుంచి "అది పనికి పోయింది" అంటున్నారు. ఆ మాట కోసమే వెళ్తున్నా అనుకోండి.

చెల్లీ, ఉద్యోగంలో చేరేముందు టాయిలెట్ చూసిరా. నవ్వకు. నేను మొదట చేరినచోట టాయిలెట్ వెనక బిల్డింగ్‌లో ఉండేది, మధ్యలో ఆరు మెట్లు. ఎండాకాలం అంతా నీళ్లు తాగకుండా గడిపి, చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో పడుకున్నా. జీతం ఎంతని అడిగాను కానీ ఆ సంగతి అడగాలని నాకు తోచలేదు.


చక్రాలకుర్చీ_జనగామ
సోమవారం, రాత్రి 9:50

అక్క చెప్పింది నూటికి నూరు నిజం. నాది ఇంకో రకం లెక్క.

మేము గీత కార్మికులం. 2016లో తాటిచెట్టు మీది నుంచి పడ్డాను. వెన్నెముక. నడుము కింద స్పర్శ లేదు. అప్పటికి నాకు 23. చెట్టెక్కేటోళ్లు పడకుండ కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు 2024లో వచ్చినయి. మా రోజుల్లో మోకు, ముస్తాదు, దేవుడు.

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక అందరూ "కంప్యూటర్ నేర్చుకో, ఇంట్లో కూసొని చేసుకోవచ్చు" అన్నరు. నేర్చుకున్న. ఒక కంపెనీ ఇంటి నుంచి పని ఇచ్చింది. రోజుకు తొమ్మిది గంటలు. నా ఒంటికి రెండు గంటలకోసారి పక్కకు వాలాలి, లేకపోతే పుండ్లు పడతయి. స్పర్శ లేదు కాబట్టి పుండు పడ్డదని నాకు తెలియదు, వాసన వచ్చినాక తెలుస్తది. నాలుగు నెలలు చేసిన. ఐదో నెల మొత్తం మంచం మీద బోర్లా పడుకొనే ఉన్న. సూపర్‌వైజర్ చెడ్డోడు కాదు. "లాగిన్ టైం కట్ అయితే సిస్టం ఒప్పుకోదు బ్రో" అన్నడు.

ఇప్పుడు ఇంటి అరుగు మీద సెల్‌ఫోన్లు రిపేరు చేస్త. డిస్‌ప్లేలు, చార్జింగ్ పిన్నులు. నాకు కావాల్సినప్పుడు పక్కనే మంచం. ఇంకా అసలు సంగతి, మనుషులు వస్తరు. కంపెనీ పని చేసినప్పుడు మానిటర్‌తో తప్ప ఎవరితో మాట్లాడలే. ఇప్పుడు చార్జర్ పోయిందని వచ్చి గంట కూసొని వడ్ల రేటు మాట్లాడి పోతరు. వర్క్ ఫ్రం హోం అంటే మా లాంటోళ్లకు వరం అని రాసేవాళ్లకు ఆ ఐదో నెల చూపించాలె.


హెచ్ఆర్_అనుభవం
మంగళవారం, ఉదయం 11:10

నేను హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో హెచ్ఆర్. నాకే వైకల్యమూ లేదు. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా వైపు బాధ ఏంటంటే, తీసుకుంటాం కానీ నిలబడరు. గత మూడేళ్లలో నలుగురిని తీసుకున్నాం, ముగ్గురు ఆరు నెలల్లో మానేశారు. మా మేనేజ్‌మెంట్ "ఇక వద్దు" అంటోంది.


చక్రాలకుర్చీ_జనగామ
మంగళవారం, ఉదయం 11:24

మానేసిన ముగ్గురిని "ఎందుకు మానేస్తున్నవ్" అని అడిగిన్రా మేడం?


హెచ్ఆర్_అనుభవం
మంగళవారం, మధ్యాహ్నం 12:02

ఎగ్జిట్ ఫారంలో "వ్యక్తిగత కారణాలు" అని రాశారు.

... లేదు. అడగలేదు.

ఈ చర్చ చదివాక ఒకటి ఒప్పుకుంటాను. రెజ్యూమె చూసేటప్పుడు "పాపం, ఈ పని ఇతనికి కష్టం" అని మేమే అనుకుని పక్కన పెడతాం. అది మంచితనం అనుకుంటాం. నేను కూడా అలా పక్కన పెట్టాను. వాళ్లకు ఫోన్ చేసి అడగలేదు.

నర్సంపేట అమ్మాయికి లోపలి మనిషిగా ఒక సలహా. టెలీకాలింగ్ నడిపే ఆఫీసులో బిల్లింగో అకౌంట్సో తప్పకుండా ఉంటుంది. అది పగటి షిఫ్టు. నువ్వు బీకాం అని వాళ్ల దగ్గర కాగితంలో ఉంది, కానీ సర్టిఫికెట్ చూడగానే ఫోన్ పనిలో వేసి ఉంటారు. చూపు సమస్య అంటే మా బుర్రలో వెంటనే వెలిగేది హెడ్‌సెట్టే. చేరకముందే మెయిల్ రాయి: నాకు ట్యాలీ వచ్చు, అకౌంట్స్‌లో ఖాళీ ఉందా, పగటి షిఫ్టు కావాలి, కారణం ఇది. నోటితో చెప్తే గాల్లో పోతుంది. మెయిల్ ఉంటే ఎవరో ఒకరు జవాబివ్వాలి.


సైగ_భాష
మంగళవారం, సాయంత్రం 7:30

నా పని చెప్తా. హన్మకొండ చౌరస్తా. ఫ్లెక్సీ ప్రింటింగ్, డీటీపీ. తొమ్మిది ఏళ్లు.

ముందు హైదరాబాద్‌లో గోదాములో పని. అక్కడ మేము ఆరుగురు చెవిటి వాళ్లం. జీతం తక్కువ. కానీ అన్నం తినే టైంలో సైగలతో మాట్లాడుకుంటాం, నవ్వుతాం. అమ్మకు ఒంట్లో బాగాలేదు, తిరిగి వచ్చా. ఇక్కడ జీతం ఎక్కువ. మాట్లాడే మనిషి లేడు. ఓనరు మంచివాడు. తెలిసిన సైగలు నాలుగు: టీ, అర్జెంట్, డబ్బు, రేపు.

మేడారం జాతర ముందు రాత్రంతా ప్రింటింగ్. మిషన్ చప్పుడు నాకు బాధ లేదు అని అందరూ నవ్వుతారు. కానీ ఇంక్ అయిపోతే మిషన్ బీప్ అంటుంది. నాకు వినపడదు. రెండుసార్లు పెద్ద ఫ్లెక్సీ పాడైంది. ఓనరు తిట్టాడు. తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ ఫ్రెండ్ బీప్ వైరుకు ఎర్ర బల్బు కలిపాడు. 150 రూపాయలు. ఇప్పుడు పాడు కాదు.

నాకు ఏ ఉద్యోగం ఇష్టం? ఇంకో చెవిటి మనిషి ఉన్న ఉద్యోగం.


రూల్‌బుక్
మంగళవారం, రాత్రి 8:15

ఆ 150 రూపాయల బల్బుకే చట్టంలో పెద్ద పేరు ఉంది: సహేతుకమైన సదుపాయం. యజమాని మీద మోయలేని భారం పడకుండా, అవసరానికి తగ్గ మార్పు చేసివ్వడం. పేరు వినగానే లక్షలు ఖర్చని భయపడతారు.


ముక్కుసూటి
మంగళవారం, రాత్రి 9:00

బల్బు సంగతి బాగుంది. నిన్న నేను రాసింది కొంచెం ఎక్కువైంది. కానీ ఒక నిజమైన సందేహం, వెటకారం కాదు. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే పని చూపు తక్కువ ఉన్నవాళ్లు ఎలా చేస్తారు? పొరపాటు జరిగితే చేతి నుంచి కట్టుకోవాలి కదా.


సాంఘికశాస్త్రం_సార్
మంగళవారం, రాత్రి 9:35

బ్యాంకంటే క్యాష్ కౌంటర్ ఒక్కటే కాదు సార్. లోన్ కాగితాలు, ఫిర్యాదులు, ఖాతాల పని, అంతా కంప్యూటర్ మీదే. చేయలేరేమో అన్న అనుమానం ఇప్పటిది కాదు. చూపులేనివాళ్లు జడ్జిలుగా పనికిరారని ఒక రాష్ట్రం నిబంధన పెడితే, 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అయితే ఒకటి చెప్పాలి. నా స్నేహితుడొకడు బ్యాంకులో ఉన్నాడు, పేరొద్దు, బ్యాంకు పేరూ వద్దు. చేరిన కొత్తలో ఎనిమిది నెలలు వాడికి పనే ఇవ్వలేదు. "మీరు కూర్చోండి సార్, జీతం వస్తుంది" అన్నారు. బయటివాళ్లకు అది అదృష్టం. వాడు మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇవాళ కూడా కుర్చీని వేడి చేసి వచ్చాను" అనేవాడు. మేనేజరు మారాక కొత్తాయన మొదటి రోజే ఒక ఫైలు ఇచ్చి "సాయంత్రానికి కావాలి" అన్నాడట. ఆ రోజు వాడు మా ఇంటికి స్వీట్లు తెచ్చాడు.


కాజీపేట_పెద్దన్న
మంగళవారం, రాత్రి 10:05

బ్యాంకు పరీక్షలు రాయాలనుకుంటే రాయి బిడ్డా. వయసులో మనకు 10 ఏళ్ల సడలింపు ఉన్నది, తొందర లేదు. చూపు తక్కువ ఉన్నోళ్లకు స్క్రీన్ మీద అక్షరాలు పెద్దగా చేసి చూపిస్తరు, స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇస్తరు. కానీ ఏడాది మొత్తం కోచింగ్‌కే పోయి, పని లేకుండ ఇంట్లో ఉండకు. పని చేసుకుంట చదువు. చేతిలో జీతం ఉన్నోని చదువు వేరే ఉంటది.

మీ అమ్మకు చెప్పు, 4,016 పక్కన 13 వేలు పెట్టి చూడుమను. పింఛన్ ఏమైతదో అన్న భయం ఉంటే ఎంపీడీవో ఆఫీసుల అడిగితే చెప్తరు. వాడకట్టు మాటలు వినొద్దు.


మోడరేటర్
బుధవారం, ఉదయం 9:00

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి ఉద్యోగం ఇప్పిస్తా, 50 వేలు కట్టండి అని ఫోన్ నంబరుతో వచ్చింది. అలాంటివి కనిపిస్తే నాకు చెప్పండి. రెండోది "వికలాంగులు" అనాలా "దివ్యాంగులు" అనాలా అని తిట్టుకోవడం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ తిట్టుకోండి.


నర్సంపేట_బీకాం
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

అందరికీ మళ్లీ నమస్తే. ఏమైందో చెప్పకుండా మాయమయ్యానని కోపంగా ఉంటారు.

హెచ్ఆర్ మేడం చెప్పినట్టు మెయిల్ రాశాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు రమ్మన్నారు. పాలసీ గురించి అడిగితే నిజంగానే బిక్కమొహం వేశారు, కానీ బిల్లింగ్‌లో ఒక ఖాళీ ఉందన్నారు. ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6. జీతం 11 వేలే. రెండు వేలు తక్కువని నాన్న గొణిగాడు. నేను సరేనన్నాను. టాయిలెట్ కూడా చూశాను కొత్తవాడ అక్కా, అదే అంతస్తులో ఉంది, లైటు మాత్రం లేదు. చెప్తే వేయించారు.

చేరి పది రోజులైంది. స్క్రీన్ మీద భూతద్దం పెట్టుకుని చేస్తున్నాను, ఇంటికొచ్చాక గంట ఎన్‌వీడీఏ. మొన్న ఒక బిల్లులో జీఎస్టీ రెండుసార్లు పడింది, ముగ్గురు చూసి వదిలేసింది నేను పట్టుకున్నాను. ఆ సంగతి ఇంట్లో నాలుగుసార్లు చెప్పాను. పెరిమెట్రీ పరీక్ష వచ్చే వారం. బ్యాంకు పుస్తకాలు తమ్ముడు చదివి రికార్డు చేసి ఇస్తున్నాడు, వాడి ఇంగ్లిష్ వింటే నవ్వు ఆగదు.

కర్ర కొన్నాను సార్. ఊళ్లో ఇంకా తీయలేదు. హన్మకొండలో బస్సు దిగాక తీస్తాను, మడతపెట్టేది. మొదటి రోజే ఒకాయన "ఏ బస్సు కావాలమ్మా" అని తనే అడిగాడు.

ఒక్క సమస్య తేలలేదు. ఇప్పుడు 6 అయినా వెలుతురు ఉంటుంది. దసరా దాటాక అప్పటికే చీకటి పడుతుంది. ఆఫీసు నుంచి బస్టాప్ దాకా పది నిమిషాలు నడక. మా సెక్షన్‌లో ఒక అక్క తోడొస్తానంది, కానీ ఆమె వారంలో రెండు రోజులు ముందే వెళ్లిపోతుంది.


కాజీపేట_పెద్దన్న
శనివారం, సాయంత్రం 6:10

ఆ రెండు రోజులు అరగంట ముందు పంపమని మళ్లీ మెయిల్ కొట్టు. ఒకసారి రాసినోళ్లకు రెండోసారి సులువే. లేదంటే పొద్దున 9కే వస్త అను. నాకు డ్యూటీ లేని రోజైతే నా మూడు చక్రాల బండి ఉన్నది, వెనక సీటు ఖాళీనే. సార్ మాత్రం అంధపంగు న్యాయం (గుడ్డోడు నడుస్తడు, వాని భుజం మీది కుంటోడు దారి చూపుతడు) అని శ్లోకం ఎత్తుకుంటడు, ఎత్తుకోనియ్.


సాంఘికశాస్త్రం_సార్
శనివారం, సాయంత్రం 6:25

ఎత్తుకునేవాణ్ణే. మీరు ముందే అనేశారు.


సైగ_భాష
శనివారం, రాత్రి 7:05

నా షాపు చౌరస్తాలో. 6 గంటలకు టీ బ్రేక్ తీసుకుంటా. ఆ రెండు రోజులు నేను బస్సు దాకా వస్తా. ఓనరుకు చెప్పా, సరే అన్నాడు.

కానీ ఒక ప్రాబ్లం. చీకట్లో నా సైగ నీకు కనపడదు. నీ మాట నాకు వినపడదు.


నర్సంపేట_బీకాం
శనివారం, రాత్రి 7:20

అన్నా, నేను మాట్లాడితే అక్షరాలుగా చూపించే యాప్ ఉంది, తెలుగులో కూడా. అది మీ ఫోన్‌లో పెట్టుకోండి. మీరు టైప్ చేసింది నా ఫోన్ చదివి వినిపిస్తుంది. ఆ రోబో గొంతుతోనే.


సైగ_భాష
శనివారం, రాత్రి 7:24

ఓకే. ఫోన్ చార్జింగ్ ఫుల్ పెట్టుకుని రా.